రిలేకి తాళం వద్దు, 230 వోల్టులు బల్ల మీదికి వద్దు



మన సైన్సు గది బీరువాలో కింది అరలో ఒక అట్టపెట్టె ఉన్నది. అందులో ఆరు రిలేలు ఉన్నాయి. నీలం రంగువి, అగ్గిపెట్టెలో సగం కూడా ఉండవు. ఆగస్టులో పి.ఎస్. సార్ దగ్గర ఉండి వాటితో మా చేత రెండు పీరియడ్లు ప్రయోగం చేయించారు. ఆ తరువాత వేరే ఊళ్ళో జరిగిన సైన్సు ఎగ్జిబిషన్లో ఒక అబ్బాయికి రిలే మోడల్ దగ్గర షాక్ కొట్టిందని, చెయ్యి కాలిందని తెలిసింది. అబ్బాయి ఇప్పుడు బాగానే ఉన్నాడంట. కాని ఆ రోజు నుంచి మన బీరువాకి తాళం పడింది. ఇప్పుడు మాకు రిలే అంటే బోర్డు మీద బొమ్మ, నోట్సులో నాలుగు లైన్ల జవాబు.

నా అభిప్రాయం ఏమిటంటే, ఆ అబ్బాయికి షాక్ కొట్టింది రిలే కాదు. రిలేకి అవతలి పక్క కలిపిన 230 వోల్టుల కరెంటు. తాళం వెయ్యాల్సింది దానికి. రిలేని మాత్రం మా చేతికి ఇవ్వాలి, రెండు పక్కలా టార్చిలైటు సెల్సే పెట్టి. ఎందుకు ఇట్లా అంటున్నానో రాస్తాను. కొంచెం పొడుగ్గా ఉంటది. గోడ ముందు నిలబడి చదవాలి గదా, కాళ్ళు నొప్పి పుడితే మిగతాది రేపు టిఫిన్ గంట తర్వాత చదవండి.

రిలే చూడని చిన్న తరగతుల చెల్లెళ్ళ కోసం ముందు అది ఏందో చెప్తాను. మా గూడెంలో రిలే అంటే పేపర్లో పడే రిలే నిరాహార దీక్షే తెలుసు. ఈ రోజు నలుగురు కూర్చుంటారు, రేపు ఇంకో నలుగురు. రిలే పరుగు మనందరికీ తెలుసు, ఒకరి చేతిలో కర్ర ఇంకొకరి చేతికి మారుద్ది. కరెంటు రిలేలో మాత్రం ఒక తేడా ఉన్నది, దాన్ని బాగా గుర్తు పెట్టుకోవాలి. పరుగులో కర్ర చేతులు మారుద్ది. ఇక్కడ కరెంటు చేతులు మారదు. మొదటి పక్క కరెంటు మొదటి పక్కనే తిరుగుద్ది, రెండో పక్క కరెంటు రెండో పక్కనే తిరుగుద్ది. మధ్యలో ఒక ఇనప రేకు కదులుద్ది, అంతే.

మేకుకి తీగ చుట్టి, సెల్లు కలిపి, గుండుసూదులు ఎత్తించాం గుర్తుందా? రిలే లోపల ఉన్నది ఆ మేకే. తీగచుట్టలోకి కరెంటు పోతే మేకు అయస్కాంతం అవుద్ది. ఎదురుగా ఉన్న రేకుని లాక్కుంటది. రేకు పోయి ఇంకో రేకుకి తగులుద్ది, టిక్ మంటది. అట్లా తగలడమే స్విచ్చి వెయ్యడం. కరెంటు తీస్తే స్ప్రింగు రేకుని వెనక్కి లాగుద్ది, ఇంకో టిక్. చిన్న కరెంటు చేత పెద్ద కరెంటుని వేయించడం, తీయించడం రిలే పని.

దీన్ని మొదట చేసింది కూడా తరగతి గదిలోనే. జోసెఫ్ హెన్రీ అని అమెరికాలో ఆల్బనీ అనే ఊరివాడు. 1797లో పుట్టాడు. వాళ్ళ నాయన కూలివాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర పనిలో పెట్టారు. తరువాత చదువుకొని 1826లో ఆ ఊరి బడిలోనే పంతులు అయ్యాడు. కూలివాడి కొడుకు అని ఉన్న దగ్గర నేను రెండుసార్లు చదివాను. 1831లో ఆయన గది గోడల వెంట మైలుకి పైగా తీగ తిప్పి, ఈ కొసన బ్యాటరీ కలిపితే ఆ కొసన గంట మోగేటట్టు చేశాడు. ప్లాస్టిక్ తొడుగు తీగలు అప్పుడు లేవు, తీగకి పట్టు చుట్టుకునేవాడు. 1832లో ప్రిన్స్‌టన్ కాలేజీకి పోయాడు. అక్కడ 1835 ప్రాంతంలో, దూరం నుంచి వచ్చిన చిన్న కరెంటుతో ఒక చిన్న అయస్కాంతం పనిచేసేటట్టు, దానివల్ల పక్కనున్న పెద్ద అయస్కాంతానికి కరెంటు తెగేటట్టు చేశాడు. పెద్దది పట్టుకొని ఉన్న బరువు దభీమని కింద పడేది. విద్యార్థులు నోరు తెరిచి చూసి ఉంటారు. అంటే రిలే పుట్టిందే పాఠం చూపించడానికి. తరువాత తంతి వాళ్ళు వాడుకున్నారు. దూరం పోయేకొద్దీ కరెంటు నీరసపడుద్ది గదా, అక్కడ రిలే పెట్టి కొత్త బ్యాటరీతో మళ్ళీ ముందుకు పంపేవాళ్ళు. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాములు ఆగిపోయాయి గాని రిలేలు ఆగలేదు. రైలు సిగ్నళ్ళలో, టీవీ పక్కన పెట్టే స్టెబిలైజరులో ఉన్నాయి. స్టెబిలైజరు టక్ టక్ మని చప్పుడు చేసేది అదే.

మనకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మోటరు స్టార్టరు. మన పల్నాడులో బోరు ఉన్న మిరప చేలో, పత్తి చేలో గట్టు మీద ఒక ఇనప పెట్టె ఉంటది. పచ్చ బటను, ఎర్ర బటను. పచ్చది నొక్కితే లోపల తీగచుట్ట రేకుల్ని లాక్కొని మోటరుకి కరెంటు ఇస్తది. వేలు తీసేసినా తన కరెంటుతో తానే పట్టుకొని ఉంటది. కరెంటు పోతే వదిలేస్తది. మళ్ళీ కరెంటు వచ్చినా దానంతట అది పట్టదు, మనిషి వచ్చి నొక్కాలి. ఇది మనిషి ప్రాణం కోసం పెట్టిన పద్ధతి. మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఇంకో రిలే కూడా దాని కిందే ఉంటది, దాన్ని ఓవర్‌లోడ్ అంటారు.

మా అమ్మ మిరపకాయ కోతకి పోతది. కాళ్ళకి బురద, చేతులకి తడి. "పోయి మోటరు ఎయ్యవే" అని కేకేస్తే కూలివాళ్ళలో ఎవరు దగ్గరుంటే వాళ్ళు పోవాల్సిందే. సంక్రాంతి సెలవుల్లో నేనూ కోతకి పోతాను, నన్నూ పొమ్మంటారు. మూత ఊడిపోయిన స్టార్టర్లు చూశాను. ఫ్యూజు పోతే దాని బదులు లావు రాగితీగ కట్టినవి చూశాను. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటరు దానంతట అది తిరగాలని పచ్చ బటనులో పుల్ల గుచ్చి పెట్టినవి చూశాను. అదే పని చెయ్యడానికి ఆటో స్టార్టరు అని కొనుక్కొచ్చి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. రేకు వదిలెయ్యాలని పెట్టిన పద్ధతిని పుల్లతో చెడగొట్టడం అన్నమాట. కరెంటు లేదు గదా అని మోటరు వైరు మీద చెయ్యి పెట్టిన మనిషి సంగతి, కరెంటు వచ్చిన క్షణంలో రిలేకి తెలియదు. దానికి కళ్ళు లేవు.

వార్డెన్ మేడమ్ గారూ, నేను అడిగేది ఇదే. బీరువాకి తాళం వేస్తే కరెంటు మాకు దూరం అవుద్దా? ఇక్కడ 6 వోల్టుల దగ్గరికి పోవద్దంటారు. అక్కడ మూడు ఫేజుల మోటరుకి 415 వోల్టులు, దాని ముందర ఒట్టి కాళ్ళతో నిలబడతాం. అడవి పందులు రాకుండా చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ కడతారు, రాత్రిపూట ఆ దారిలో నడిచేది మా వాళ్ళే. 2023 నవంబరులో మొదలైన పి.ఎం. జన్‌మన్ పథకంలో మాలాంటి ఆదిమ తెగల ఇళ్ళకి కరెంటు ఇవ్వడం కూడా ఒక పని. ఇంటికి కరెంటు వస్తది, మీటరు వస్తది. దాని గురించి చెప్పే మనిషి ఆ ఇంట్లో ఎవరు? మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. నాకు తెలియకపోతే మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా చెంచువాళ్ళు తేనె కోసం కొండ అంచు దిగుతారు. కింద చూస్తే కళ్ళు తిరుగుతాయి. ప్రమాదం గదా అని దిగడం మానేస్తే తేనె రాదు, ప్రమాదమైతే అయిందిలే అని దిగితే మనిషి రాడు. అందుకని పైన తాడు ఎవరు పట్టాలో ముందే తేల్చుకుంటారు. బామ్మర్దినే పట్టిస్తారు, అక్కనో చెల్లెలినో ముండమోపిని చేసుకోడు గదా అని మా తాత నవ్వుతా చెప్తాడు. తాడు పాతదైతే ఆ రోజు దిగరు. చిన్నపిల్లల్ని మొదలే పెద్ద కొండ మీదికి తీసుకుపోరు, చెట్టు మీది చిన్న పట్టు దగ్గర నేర్పిస్తారు. మాకు 6 వోల్టులు చెట్టు మీది పట్టు లాంటిది.

ఇప్పుడు 6 వోల్టులు ఎందుకు ఫర్వాలేదు, 230 ఎందుకు వద్దు అనేది లెక్క వేసి చూపిస్తాను. ఇందులో మా తరగతిలో ఒకామె మంచి ప్రశ్న వేసింది. ఆగస్టులో మేము రిలే తీగచుట్ట నిరోధం మల్టీమీటరుతో చూస్తే దాదాపు 100 ఓంలు వచ్చింది. నాలుగు సెల్సు 6 వోల్టులు. 6ని 100తో భాగిస్తే 0.06 ఆంపియర్లు, అంటే 60 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లో గుండె మీదుగా 30 మిల్లీ ఆంపియర్లు పోతేనే ప్రాణానికి ప్రమాదం అని సార్ చెప్పారు. మరి 60 ఉన్న రిలే తీగ ముట్టుకుంటే చావాలి గదా, అని ఆమె అడిగింది. అందరం నోరు మూసుకున్నాం.

జవాబు ఏందంటే, ఆ 60 రిలే తీగలో పోతది, మన ఒంట్లో కాదు. మన ఒంట్లో ఎంత పోవాలనేది ఎంత గట్టిగా నెడుతుంది, ఒళ్ళు ఎంత అడ్డుపడుతుంది అనే రెండిటి మీద ఉంటది. నెట్టేది వోల్టేజి. చెయ్యి పొడిగా ఉంటే చర్మం అడ్డు వేల ఓంలు, చాలా ఎక్కువ. తడిసిపోతే 1000 ఓంల దాకా పడిపోద్ది. తడిచేత్తో 6 వోల్టులు పట్టుకున్నా 6 మిల్లీ ఆంపియర్లు మించవు. అదే తడి చెయ్యి 230 వోల్టుల మీద పడితే 230 మిల్లీ ఆంపియర్లు. ముప్పై చాలు అంటే రెండు వందల ముప్పై. 10 దాటినప్పటి నుంచే చెయ్యి కండరాలు బిగుసుకొని వదిలించుకోలేము. అందుకే "పట్టుకుంది" అంటారు పెద్దవాళ్ళు. కరెంటు మనల్ని పట్టుకోదు, మనమే దాన్ని పట్టుకొని వదల్లేకపోతాం.

అయినా రిలేలో రెండు పక్కలు వేరు వేరు గదా, సెల్సు పక్క మనం ఉంటే 230 అవతల దాని పాటికి అది ఉంటది గదా అని మీరు అనొచ్చు. ఎగ్జిబిషన్లకి మోడళ్ళు చేసేవాళ్ళు అనేది ఇదే. రిలే లోపల వరకు అది నిజం. బయట కాళ్ళ దగ్గర నిజం కాదు. మన నీలం రిలేని తిరగేసి చూడండి. ఐదు కాళ్ళు ఉంటాయి. ఒక కొసన ఎన్.ఓ., ఎన్.సి. అనే రెండు కాళ్ళు. ఇంకో కొసన మూడు కాళ్ళు. ఆ మూడిట్లో అటూ ఇటూ ఉన్నవి తీగచుట్టవి, మనం సెల్సు కలిపేవి. మధ్యలో ఉన్నది కామన్. 230 కలిపితే సాధారణంగా అది వచ్చి కూర్చునేది ఆ కామన్ కాలు మీదే! అంటే సెల్సు తీగలు రెండిటి మధ్యలో. ఎడం అర సెంటీమీటరు అటూ ఇటూ. మనం అట్టముక్క మీద చేత్తో తీగలు మెలిపెట్టి టంకం వేస్తాం, ఒక్క పోగు విడిపోయి పక్క కాలికి తగిలిందంటే 230 వోల్టులు సెల్సు పక్కకి వచ్చేస్తాయి. అప్పుడు సెల్లు ముట్టుకున్నా షాకే. చూసేవాళ్ళకి అది ఒట్టి టార్చిలైటు సెల్లు. ఆ అబ్బాయికి ఇట్లాగే అయ్యిందో ఇంకోలాగ అయ్యిందో ఊరికే ఊహించి రాయను. కాని ఇట్లా అవ్వడానికి ఎంత తేలికో కాళ్ళు చూస్తేనే తెలుస్తది.

ఇంకో సంగతి, తీగచుట్ట తన్నుద్ది. సెల్సుతో పనిచేస్తున్న రిలే తీగని టక్కున తీసేటప్పుడు రెండు కొసలూ మన వేళ్ళ మధ్య ఉంటే జిల్లుమంటది. 6 వోల్టులకి అట్లా కాకూడదు గదా. తీగచుట్టలో పోతున్న కరెంటుని ఒక్కసారిగా తెంచితే అది ఆగడానికి ఒప్పుకోదు, ఆ క్షణంలో వంద వోల్టులు దాటి కూడా లేస్తది. దీని సంగతి 1832లో రాసింది మళ్ళీ ఆ హెన్రీ గారే. పొడవు తీగని బ్యాటరీ నుంచి తీస్తే మెరుపు వస్తుందని చూశాడు. అందుకే ఆ గుణాన్ని కొలిచే ప్రమాణానికి 1893లో హెన్రీ అని పేరు పెట్టారు. ఈ తన్నుకి మనిషి చావడు, కాని ఉలిక్కిపడి చెయ్యి విసురుతాడు. పక్కన 230 ఉంటే ఆ విసిరిన చెయ్యి ఎక్కడ పడుద్దో చెప్పలేము. దీనికి మందు ఉన్నది. 1ఎన్ 4007 అనే చిన్న డయోడుని తీగచుట్ట రెండు కాళ్ళకి అడ్డంగా కలపాలి, తెల్ల గీత ఉన్న కొస ప్లస్ వైపు. తన్నే కరెంటు అందులోనే గుండ్రంగా తిరిగి చచ్చిపోద్ది. తిప్పి పెడితే మాత్రం సెల్సు కరెంటు అంతా డయోడులో పోయి అది వేడెక్కుద్ది, ముట్టుకోకుండా సెల్లు తీసెయ్యాలి.

మామూలు స్విచ్చికీ రిలేకీ ఉన్న అసలు తేడా కూడా ఇక్కడే చెప్పాలి. స్విచ్చి వేసినప్పుడు మన వేలు దాని మీద ఉంటది, మన మనసు కూడా దాని మీద ఉంటది. రిలే మన వేలు లేకుండా వేస్తది. నీళ్ళు నిండితే వేస్తది, చీకటి పడితే వేస్తది. కాబట్టి "రిలే ఆఫ్‌లో ఉంది" అంటే "కరెంటు లేదు" అని అర్థం కాదు. ఎక్కువ కరెంటు పోతే రేకులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తీగచుట్టకి సెల్సు తీసేసినా అవి విడిపోవు. బల్బు ఆరినా దాని హోల్డరులో కరెంటు ఉండొచ్చు, ఎందుకంటే కొందరు ఫేజు బదులు న్యూట్రలుని తెంచేటట్టు కలుపుతారు. రిలేతో ఏ పని చేసినా చెయ్యి పెట్టేముందు సెల్లు తీసి పక్కన పెట్టాలి. ప్లగ్గు ఉన్నదైతే ప్లగ్గు పీకి కంటికి కనపడేటట్టు బల్ల మీద పెట్టాలి. మన ఇస్త్రీ పెట్టె దగ్గర కూడా ఇదే మాట. రోజూ ఉదయం ఎనిమిదింటికి మన వరండాలో ఏం జరుగుద్దో నేను రాయనక్కర్లేదు.

ఇక ఎగ్జిబిషన్ల సంగతి. "నీళ్ళ ట్యాంకు నిండగానే మోటరు ఆగుట", "చీకటి పడగానే వీధి దీపం వెలుగుట" అనేవి ప్రతి సంవత్సరం వస్తాయి. మంచి మోడళ్ళే, రెండిట్లోనూ రిలే ఉంటది. కాని పెద్ద బల్బు వెలిగితేనే చప్పట్లు, చిన్న టార్చి బల్బు వెలిగితే జడ్జీలు ముందుకి నడిచిపోతారు. అందుకని పిల్లలు 230కి పోతారు. నన్నడిగితే తప్పు పిల్లలది కాదు, చప్పట్లు కొట్టేవాళ్ళది. 3 వోల్టుల బల్బు వెలిగినా, 100 వాట్ల బల్బు వెలిగినా రిలే చేసిన పని ఒక్కటే, ఆ టిక్ ఒక్కటే. పెద్ద బల్బులో ఫిజిక్సు పెద్దగా ఏమీ ఉండదు. నీళ్ళ మోటరు బదులు పాడైపోయిన ఆటబొమ్మలోని చిన్న మోటరుకి కాగితం రెక్క అంటిస్తే అదీ తిరుగుద్ది.

మేము ఆగస్టులో చేసింది చెప్తాను, చాలామందికి నచ్చింది. ఒక పక్క నాలుగు సెల్సు, ఒక నొక్కుడు స్విచ్చి, తీగచుట్ట. ఇంకో పక్క రెండు సెల్సు, టార్చి బల్బు, కామన్, ఎన్.ఓ. కాలు. ఇటు పక్క ఎర్ర తీగలు, అటు పక్క నల్ల తీగలు వాడాము, కలిసిపోకుండా. నొక్కితే టిక్, బల్బు వెలిగింది. తరువాత సెల్సు తగ్గించుకుంటా పోయాము. మూడిటితో పట్టింది, రెండిటితో పట్టలేదు. ఎందుకు పట్టలేదు అని అరగంట వాదించుకున్నాం. నాలుగిటితో పట్టించి, తీగ తెగకుండా జాగ్రత్తగా రెండిటికి దించితే అప్పుడు మాత్రం వదలకుండా పట్టుకొని ఉంది! లాగడానికి బలం ఎక్కువ కావాలి, పట్టుకొని ఉండడానికి తక్కువ చాలు. రేకు దగ్గరికి వచ్చాక అయస్కాంతం లాగుడు ఎక్కువవుద్ది గదా. పుస్తకంలో ఈ సంగతి మాకు కనపడలేదు, మా బల్ల మీద కనపడింది. బీరువాకి తాళం వేసి బొమ్మ గీస్తే ఇది ఎట్లా తెలుస్తది?

సెల్సు అన్నాను గాని అన్ని బ్యాటరీలూ ఒకటి కాదు. కొంతమంది బండి బ్యాటరీ తెస్తామంటారు, 12 వోల్టులే గదా అని. వద్దు. షాక్ కొట్టదు గాని, రెండు కొసలూ పొరపాటున తగిలితే అది ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇస్తది, తీగ ఎర్రగా కాలి చేతికి అతుక్కుంటది. లోపల యాసిడ్ కూడా ఉంటది. టార్చి సెల్లుకి అంత బలం లేదు, దాని బలహీనతే మనకి రక్ష. అయినా దాన్ని కూడా తీగతో ఊరికే కలిపి పెట్టకూడదు, వేడెక్కుద్ది.

ఒక సార్ (మన స్కూలు సార్ కాదు) ఎగ్జిబిషన్లో అన్నారు, మేము చిన్నప్పుడు 230తోనే చేశాము, మాకేం కాలేదు అని. కాలేదు కాబట్టి ఆయన చెప్పగలుగుతున్నారు. అయినవాళ్ళు వచ్చి చెప్పరు గదా. ఇంకొంతమంది అనేది కొంచెం ఆలోచించాల్సిన మాట. ఇంట్లో ఉండేది 230 అయినప్పుడు దాని గురించి కూడా నేర్పాలి గదా అంటారు. నేర్పాలి. కాని దాన్ని ముట్టుకొని నేర్చుకోనక్కర్లేదు. మాచర్లలోనో నరసరావుపేటలోనో మోటర్ల వైండింగు షాపుల్లో కాలిపోయిన స్టార్టర్లు మూలన పడి ఉంటాయి. అట్లాంటిది ఒకటి అడిగి తెచ్చి, ఏ వైరూ కలపకుండా బల్ల మీద మూత విప్పి చూద్దాం. పచ్చ బటను ఏది కదిలిస్తది, ఎర్రది ఏది తెంచుద్ది, ఓవర్‌లోడ్ ఎక్కడుంది, పుల్ల గుచ్చితే ఏం చెడిపోద్ది, అన్నీ వేలు పెట్టి చూడొచ్చు. మా అమ్మ రోజూ నొక్కే పెట్టె లోపల ఏముందో నేను చూసి ఆమెకి చెప్పాలి.

"ఆడపిల్లలకి ఈ కరెంటు పనులు ఎందుకు" అనేవాళ్ళకి నేను జవాబు రాయను, మోటరు ఎయ్యమన్నప్పుడు ఆడా మగా చూడరు.

వార్డెన్ మేడమ్ గారి భయం నాకు అర్థం అవుతుంది. మూడు వందల మంది పిల్లలు, ఒకరికి ఏమైనా అయితే అడిగేది మేడమ్‌నే. మా అమ్మానాయనలు వేలిముద్ర వేసి మమ్మల్ని అప్పజెప్పి పోయారు. ఆ భయానికి బీరువా తాళం కన్నా మంచి తాళం ఒకటి ఉంది. ఆర్.సి.సి.బి. అంటారు, మెయిన్ బోర్డులో పెడతారు. లైనులో పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు రెండూ సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ చూసుకుంటా ఉంటది. 30 మిల్లీ ఆంపియర్లది పెడితే, అంత తేడా వచ్చిందంటే, అంటే మనిషి ఒంట్లో నుంచో తడిగోడలో నుంచో భూమిలోకి పోతుంటే, రెప్పపాటులో లైను మొత్తం తెంచేస్తది. మామూలు ఫ్యూజు ఆ పని చెయ్యదు, మనిషి ఒంట్లో పోయే కరెంటు ఫ్యూజుకి లెక్కే కాదు. ఇది కూడా ఒక రకంగా రిలే అన్నయ్యే, లోపల అయస్కాంతమే పనిచేస్తది. దాని మీద టెస్ట్ బటను ఉంటది, నెలకొకసారి నొక్కి చూడాలి. సైన్సు గదికి, బాత్రూముల వైపు లైనుకి, వంటగదికి ఇది ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించమని మనవి. మేము చెయ్యగలిగిన పని కాదు, పెద్దవాళ్ళు చెయ్యాల్సిన పని. అయితే ఒక ఫేజు వైరుని ఒక చేత్తో, న్యూట్రలుని ఇంకో చేత్తో పట్టుకుంటే దానికి తేడా కనపడదు, తెంచదు. కాబట్టి అది ఉన్నా 230 బల్ల మీదికి వద్దు అనే మాట అట్లాగే ఉండాలి.

అట్లాగే, ఎవరికైనా షాక్ కొడుతుంటే చేత్తో లాగకూడదని అందరికీ చెప్పించండి. ముందు మెయిన్ తీసెయ్యాలి. మెయిన్ ఎక్కడుందో తెలియకపోతే ఎండిన కర్రతో వైరుని నెట్టాలి. తరువాత 108కి ఫోన్. మన హాస్టల్లో మెయిన్ స్విచ్చి ఎక్కడుందో నేను తొమ్మిదో తరగతిలో పన్నెండు మందిని అడిగాను, నలుగురు సరిగ్గా చెప్పారు. స్టోరు రూము తలుపు పక్కన, బియ్యం మూటల వెనక ఉంది. మూటలు కొంచెం జరిపితే చెయ్యి అందుద్ది.

పి.ఎస్. సార్ శనివారం నాలుగో పీరియడు ఇస్తామన్నారు, మేడమ్ గారు ఒప్పుకుంటే. ఆరు రిలేలు, ఒక్కో దానికి ఐదుగురం కూర్చోవచ్చు. ఒకామె కలపాలి, ఒకామె బొమ్మతో పోల్చి చూడాలి, ఒకామె సెల్లు చేతిలో పట్టుకొని కూర్చోవాలి, చూసే ఆమె "సరే" అనేదాకా పెట్టకూడదు. మిగతా ఇద్దరు రాసుకోవాలి, తరువాత వంతులు మారాలి. సెల్సు ఒక జట్టుకి ఆరు, మొత్తం ముప్పై ఆరు కావాలి. గోడ గడియారంలోవి, టార్చిలైటులోవి సగం అయిపోయినవైనా ఫర్వాలేదు, బల్బు వైపు పనికొస్తాయి. టార్చి బల్బులు నాలుగే ఉన్నాయి, ఇంకా రెండు కావాలి. ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే మా గదిలో ఇవ్వండి, పేరు రాసుకొని మళ్ళీ ఇస్తాము.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని